రాత్రంతా పాట, మూడు నిమిషాల ప్లేటు

ఆదోని సీమ చరిత్ర – ధారావాహిక

ఆస్పరి మండలం కైరుప్పల గురించి పత్రికల్లో ఏటా ఒక్కసారే వార్త వస్తుంది. ఉగాది మర్నాడు అక్కడ పిడకల సమరం. వీరభద్రస్వామికీ కాళికాదేవికీ మధ్య ప్రేమ తగవు వచ్చిందనీ, ఇరువైపుల వాళ్ళూ పిడకలతో కొట్టుకున్నారనీ, చివరికి రాజీ కుదిరి కల్యాణం జరిగిందనీ ఊరు చెప్పుకునే కథ. కారుమంచి నుంచి రెడ్ల వంశస్థుడు గుర్రమెక్కి వచ్చి, పూజ చేసి తిరిగి వెళ్ళాకే తొలి పిడక గాల్లోకి లేస్తుంది. దెబ్బ తగిలిన వాళ్ళు గుడి దగ్గర విభూతి రాసుకుంటారు. పేపర్లో ఫొటో చూస్తే దుమ్మూ, పిడకలూ, ఎత్తిన చేతులూ కనిపిస్తాయి. వాద్యం మాత్రం వినిపించదు. ఈ సీమలో ఏ జాతరైనా, ఏ సమరమైనా మేళమూ తప్పెటా లేకుండా మొదలు కాదు, ముగియదు. ఎప్పుడు ఆపాలో వాయించేవాడికి గడియారం చెప్పదు, జనం చెప్తారు.

ఇంతకు ముందు భాగాల్లో కోటల గురించి, పత్తి గురించి, మగ్గాల గురించి చెప్పుకున్నాం. ఈ భాగం పాట గురించి. ఊళ్ళో పుట్టిన పాట యంత్రంలోకి ఎలా ఎక్కింది, సినిమాతో పని లేకుండా తన కాళ్ళ మీద తాను నిలబడాలని ఎన్నిసార్లు ప్రయత్నించింది, విన్నవాళ్ళు దాన్ని ఏం చేశారు? ఈ చరిత్రను గాయకుల పేర్లతో రాయొచ్చు, కంపెనీల పేర్లతోనూ రాయొచ్చు. నాకు మాత్రం ఇది ప్రధానంగా నిడివి చరిత్రగా కనిపిస్తుంది. పాటకు ఎంతసేపు ఇచ్చారు, ఎవరిచ్చారు అన్నదే ఇందులో అసలు సంగతి.

ముందు ఊళ్ళో పాటకు ఉన్న నిడివి చూద్దాం. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు వైపు పల్లెల్లో చెక్కభజన తెలియని మనిషి ఉండడు. ఎండాకాలం పనులు తగ్గాక గురువు ఊరికి వస్తాడు. రామాలయం ముందు కుర్రాళ్ళను వలయంగా నిలబెట్టి, కాళ్ళకు గజ్జెలు కట్టించి, చేతికి చెక్కలిచ్చి నేర్పుతాడు. హార్మోనియం, డోలు పక్కన ఉంటాయి. ప్రదర్శన రోజున వినాయకుడి ప్రార్థనతో మొదలవుతుంది. తర్వాత గురువుకు నమస్కారం. ఆ తర్వాత రాముడి కథ, కృష్ణుడి అల్లరి, మధ్యలో తత్వాలు, నడుమ నవ్వించే పాటలు. అడుగు మొదట నిదానంగా పడుతుంది. అర్ధరాత్రి దాటేసరికి వేగం రెట్టింపవుతుంది. నిద్రకు తూగుతున్న పిల్లలు లేచి కూర్చునేది అప్పుడే. తెల్లవారుజామున మంగళహారతి. ఏ పాట ముందు, ఏది వెనక అన్నది గురువు చేతిలో ఉంటుంది. ఎదురుగా కూర్చున్న జనాన్ని చూసి అతను వరస మారుస్తాడు.

అందులోంచి ఒక పాటను విడిగా తీసి పాడమంటే పాడతారు. అయితే అది ఒంటరిగా నిలిచేందుకు కట్టిన పాట కాదు. ముందు పాట లేపిన ఊపు మీద అది నడుస్తుంది, తర్వాతి పాటకు దారి వదులుతుంది. పీర్ల పండుగలో గుండం చుట్టూ పాడే పాటలూ అంతే. దేవరగట్టు మాళమల్లేశ్వరుడి గొరవయ్యలు నల్ల కంబళి కప్పుకొని డమరుకం మీద నడిపే పాటలూ అంతే. ఇవాళ సంగీత లోకంలో ఆల్బం అంటే కొన్ని పాటలను ఒక వరసలో పేర్చి, మొదటి నుంచి చివరి దాకా వినమని ఇచ్చేది. ఆ లెక్కన మన పల్లెల్లో ఆల్బం యంత్రం కంటే చాలా ముందే ఉంది. కాకపోతే దాని నిడివి ఒక రాత్రి.

ఆ రాత్రి మీద మొదటి కత్తెర పడింది 1902లో. ఆ ఏడాది చివర గ్రామఫోన్ కంపెనీ పంపగా ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే అమెరికన్ కలకత్తాలో దిగాడు. గౌహర్ జాన్ పాటను ప్లేటు మీదికి ఎక్కించాడు. అప్పటికి మైకు లేదు. పెద్ద కొమ్ములాంటి గొట్టంలోకి ముఖం పెట్టి పాడాలి. ఒక్కో వైపు పట్టేది రెండు మూడు నిమిషాలు. గంటసేపు విస్తరించే రాగాన్ని ఆ కాస్త వ్యవధిలో కుదించి, చివర తన పేరు ఇంగ్లీషులో చెప్పి ముగించడం గౌహర్ జాన్ పద్ధతి. ప్లేట్లు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయ్యేవి కాబట్టి, ఎవరి పాటో అక్కడి పనివాళ్ళకు తెలియడానికి ఆ పేరు పనికొచ్చేదంటారు. 1908లో కలకత్తాలోనే కర్మాగారం వచ్చింది. ప్లేటుకు కావలసిన లక్క మన అడవులదే.

కొన్నేళ్ళకే మద్రాసు దక్షిణాది రికార్డింగుకు కేంద్రమైంది. 1925 తర్వాత విద్యుత్ మైకు వచ్చి, సన్నని గొంతూ చిన్న వాద్యమూ కూడా ప్లేటుకు ఎక్కగలిగాయి. 1932లో ఏ.వి. మెయ్యప్పన్ భాగస్వాములతో కలిసి మద్రాసులో సరస్వతీ స్టోర్స్ పెట్టి ఓడియన్ ప్లేట్లు అమ్మాడు. ఏవీఎం సంస్థ కట్టింది ఆయనే. తెలుగులో ప్లేట్ల మీద మొదట జోరుగా పోయింది నాటక పద్యం. నాటకం మొత్తం వినాలనుకునే వాళ్ళ కోసం నాలుగైదు ప్లేట్లను ఒక సెట్టుగా అమ్మేవారు. మూడు నిమిషాలకోసారి లేచి ప్లేటు తిప్పి, ముల్లు మార్చి, కీ ఇచ్చి, మళ్ళీ కూర్చొని కథ అందుకునేవారు. రాత్రంతా నడిచే నాటకానికి అలవాటుపడిన జనం అంత ఓపిక పట్టారంటే, నిడివి మీద వాళ్ళకున్న మక్కువ తెలుస్తుంది. జానపదం మాత్రం అలా సెట్టుగా రావడం అరుదు. ఒక వైపు ఒక పాట, రెండో వైపు ఇంకో పాట. ముందూ వెనకా తెగిపోయిన పాటలవి.

సినిమా మాట్లాడడం మొదలుపెట్టాక పాటంటే సినిమా పాట అయింది. సినిమాలో లేనిదాన్ని ప్రైవేటు పాట అన్నారు. ఇప్పుడు ఇండీ అని పిలుస్తున్న దానికి మన పెద్దవాళ్ళు పెట్టుకున్న పేరు అదే. ఆ కోవలో అందరికీ తెలిసిన ఉదాహరణ తిరుపతి కవి శంకరంబాడి సుందరాచారి రాసిన 'మా తెలుగు తల్లికి'. 1942 నాటి 'దీనబంధు' సినిమా కోసం రాసిన పాట అది. సినిమా వాళ్ళు వాడుకోలేదు. టంగుటూరి సూర్యకుమారి దాన్ని ప్రైవేటు రికార్డుగా పాడింది. సినిమా ఎంతమందికి గుర్తుందో గానీ ఆ ప్లేటు బడులకూ సభలకూ చేరింది. 1975లో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగే నాటికి రాష్ట్ర గీతమైంది. సినిమా కాదన్న పాటను జనం నిలబెట్టుకున్న సందర్భం ఇంత స్పష్టంగా ఇంకొకటి కనిపించదు. సూర్యకుమారి తర్వాత న్యూయార్క్ రంగస్థలం మీద ఠాగూరు నాటకంలో నటించి పేరు తెచ్చుకుంది, లండన్‌లో స్థిరపడి 2005లో కన్నుమూసింది.

జానపదాన్ని సినిమాతో పని లేకుండా నిలబెట్టినవాళ్ళు వింజమూరి అనసూయ, సీత. కాకినాడ పండితుల ఇంట్లో పుట్టిన ఈ అక్కచెల్లెళ్ళు పల్లె పాటను కచేరీ వేదిక మీదికీ రేడియోలోకీ తెచ్చారు. పల్లె పాట పెద్దల సభలో వినదగ్గది కాదన్న పట్టింపు గట్టిగా ఉన్న రోజులవి. అనసూయాదేవి 98 ఏళ్ళు బతికి 2019లో హ్యూస్టన్‌లో పోయారు. వాళ్ళిద్దరి గొంతులో పాట శుభ్రపడింది, శ్రుతి కుదిరింది, నిడివి రేడియోకు తగినట్టు తెగింది. దీన్ని తప్పుగా చెప్పడం లేదు. ఆ తెంపకం లేకపోతే ఆ పాటలు ఆనాటి పట్నాల ఇళ్ళలోకి వచ్చేవే కావు. కాని ఆ పాటలు ఎక్కువగా గోదావరి, విశాఖ వైపు పల్లెలవి. పడమటి కర్నూలు పాట అప్పటికింకా మైకు ముందుకు రాలేదు.

ఇక్కడొక పొరుగు విషయం చెప్పాలి. 1952లో అమెరికాలో హ్యారీ స్మిత్ అనే సేకర్త ఒక పని చేశాడు. 1920ల చివర, 1930ల మొదట్లో పేద రైతులూ, నల్లజాతి గాయకులూ, గని కార్మికులూ పాడిన పాత ప్లేట్లను పోగుచేశాడు. వాటిలోంచి 84 పాటలు ఏరి, ఒక వరస కట్టి, ఫోక్‌వేస్ కంపెనీ ద్వారా ఆరు ఎల్పీలుగా తెచ్చాడు. అప్పటికి నాలుగేళ్ళ ముందే ఎల్పీ వచ్చింది, ఒక వైపు ఇరవై నిమిషాలు దాటి మోగుతుంది. విడివిడిగా మరుగున పడిపోయిన పాటలు పక్కపక్కన చేరేసరికి ఒక దేశం గొంతులా వినిపించాయి. బాబ్ డిలాన్ తరం ఆ పెట్టె విని పెరిగింది. మన దగ్గర అలాంటి పని ఎక్కువగా పుస్తకాల్లో జరిగింది. 1950ల్లో బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద ఉస్మానియాలో చేసిన పరిశోధన దక్షిణాదిన ఆ రంగానికి పునాది. ఆ పుస్తకం ఎంత గొప్పదో చదివినవాళ్ళకు తెలుసు. కాని అక్షరానికి వరస వినిపించదు, చెక్క మోగదు.

నిడివి తిరిగి ఊరికి దొరికింది క్యాసెట్టుతో. ఫిలిప్స్ కంపెనీ 1963లోనే తెచ్చిన ఈ చిన్న ప్లాస్టిక్ డబ్బా మన పల్లెల్లోకి రావడానికి పదిహేను ఇరవై ఏళ్ళు పట్టింది. 1970ల చివర దిగుమతి ఆంక్షలు సడలాయి, గల్ఫు నుంచి టేప్‌రికార్డర్లు వచ్చాయి. ఎల్పీ అచ్చు వేయాలంటే కర్మాగారం కావాలి. క్యాసెట్టుకు రెండు మిషన్లూ ఒక గదీ చాలు. దశాబ్దాల పాటు ఒక్క హెచ్‌ఎంవీ చేతిలో ఉన్న వ్యాపారం నాలుగైదేళ్ళలో వందల చిన్న కంపెనీల చేతుల్లోకి వెళ్ళింది. పీటర్ మాన్యుయెల్ 1993లో రాసిన 'క్యాసెట్ కల్చర్' ఉత్తరాదిలో ఈ మార్పును వివరంగా చూపించింది. మన దగ్గరా కథ అదే. చెక్కభజన, బుర్రకథ, హరికథ, బ్రహ్మంగారి తత్వాలు, అయ్యప్ప పాటలు, పీర్ల పాటలు అన్నీ అరవై నిమిషాల, తొంభై నిమిషాల క్యాసెట్లయ్యాయి. రాజకీయ పాట కూడా ఈ దారిలోనే నడిచింది. 1972లో మొదలైన జననాట్యమండలి పాటలు, గద్దర్ గొంతు రేడియోలో వినిపించే అవకాశమే లేదు. చేతులు మారే క్యాసెట్లలో అవి ఊరూరా తిరిగాయి.

టీ బంకులో, ట్రాక్టరు మీద, పెళ్ళి పందిట్లో మోగిన ఆ క్యాసెట్ల ధ్వని బాగుండేది కాదు. టేపు ముక్కేది, గొంతు కూరుకుపోయేది. అయినా ఒక్కో వైపు ముప్పై నిమిషాలో నలభై అయిదు నిమిషాలో ఉండేసరికి, గురువు వరస మళ్ళీ చెవికి అందింది. ప్రార్థన మొదట ఉంది, మంగళం చివర ఉంది. రాత్రంతా కాకపోయినా, ఒక జాము రాత్రి చేతికి దొరికినట్టే. తెలుగు జానపదానికి యంత్రం చేసిన మేళ్ళలో ఇదే పెద్దదని నా నమ్మకం. క్యాసెట్టును చవకబారు సరుకుగా కొట్టిపారేసిన సంగీత చరిత్రలు దీన్ని పట్టించుకోలేదు.

ఇప్పుడు గట్టు దాటి అవతలికి వెళ్ళాలి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 అక్టోబరు 1 దాకా బళ్ళారి జిల్లాలోవి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డ రోజున అవి ఇటు వచ్చాయి, బళ్ళారి మైసూరు వైపు వెళ్ళింది. గీత పడింది గానీ సంతలూ పెళ్ళిళ్ళూ జాతరలూ గీతను పట్టించుకోలేదు. ఈ వైపు ఊళ్ళలో ఇప్పటికీ రెండు భాషలూ నాలుక మీద ఆడతాయి. జానపదాన్ని బ్యాండుగా, బ్యాండును ఆల్బంగా మలిచిన పని దక్షిణాదిన గట్టిగా జరిగింది ఆ అవతలి వైపే.

రఘు దీక్షిత్ మైసూరులో పెరిగాడు. చదివింది మైక్రోబయాలజీ, నేర్చింది భరతనాట్యం. గిటారు పట్టింది కాలేజీలో ఒక సహవిద్యార్థి రెచ్చగొట్టిన పందెం మీద. 1990ల చివర 'అంతరాగ్ని' అనే బృందం కట్టాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు రికార్డు కంపెనీలన్నీ అతన్ని వెనక్కి పంపాయి. కన్నడ పాటకు బొంబాయిలో గిరాకీ ఏముంటుందన్నది వాళ్ళ లెక్క. చివరికి హిందీ సినిమా సంగీత దర్శకులు విశాల్, శేఖర్ అతని పాట విని, సొంతంగా పెట్టిన కౌంటర్ కల్చర్ రికార్డ్స్ తొలి ప్రచురణగా 2008లో 'అంతరాగ్ని' ఆల్బం తెచ్చారు. ఎనిమిది పాటలు. కన్నడ, హిందీ, ఇంగ్లీషు మూడూ ఉన్నాయి. ఇంగ్లీషు పాట లేకపోయినా ఆల్బంకు లోటేమీ ఉండేది కాదనిపిస్తుంది నాకు. దాని వెన్నెముక రెండు కన్నడ తత్వాలు, రెండూ శిశునాళ షరీఫువి.

షరీఫు 1819లో పుట్టి 1889లో పోయిన ధార్వాడ ప్రాంతపు కవి. పుట్టుకతో ముస్లిం, గురువు గోవిందభట్టు బ్రాహ్మణుడు. కారుతున్న ఇంటి కప్పును అజ్ఞానంగా, హుక్కా పీల్చడాన్ని సాధనగా చెప్పిన తత్వాలవి. మన సీమ పాఠకులకు ఈ జంట కొత్త కాదు. బనగానపల్లెలో పశువులు కాచి, కందిమల్లాయపల్లెలో స్థిరపడ్డ బ్రహ్మంగారికి ముఖ్య శిష్యుడు దూదేకుల సిద్దయ్య. గురువు ఒక మతం, శిష్యుడు ఇంకో మతం, ఇద్దరినీ కలిపింది తత్వం. ఆ తత్వాలు ఇటు భజన మేళాల్లో, అటు కన్నడ భావగీతాల్లో బతికాయి. రఘు దీక్షిత్‌కు ముందే సి. అశ్వత్థ్ షరీఫును క్యాసెట్లలో పాడి, 1990 నాటి 'సంత శిశునాళ షరీఫ' సినిమాకు సంగీతం కట్టి, కన్నడ ఇళ్ళన్నిటికీ చేర్చాడు. అంటే నేల దుక్కి అయి ఉంది. కొత్తవాడు తెచ్చింది ఎలక్ట్రిక్ గిటారు, వయొలిను, డ్రమ్సు.

ఆ ఆల్బంను అందరూ మెచ్చుకోలేదు. సంప్రదాయ శ్రోతలకు అది తత్వాన్ని ఊపేసినట్టు వినిపించింది. యువకులకు తమ తాతల భాష తమ గిటారులో వినిపించింది. లుంగీ కట్టుకొని, కాళ్ళకు గజ్జెలతో వేదిక ఎక్కిన ఆ బృందం 2010లో ఇంగ్లండులో జూల్స్ హాలండ్ టీవీ కార్యక్రమంలో పాడింది. 2011లో సాంగ్‌లైన్స్ పత్రిక ఉత్తమ నూతన కళాకారుడి బహుమతి ఇచ్చింది. కంపెనీలు ఏళ్ళ తరబడి కాదన్న పాటకు దక్కిన ఆదరణ ఇది. ఆ గజ్జెలు చూసినప్పుడల్లా నాకు చెక్కభజన కుర్రాళ్ళే గుర్తొస్తారు.

తెలుగులో ఆ దారిలో నడిచిన బృందాల్లో జనానికి బాగా తెలిసింది హైదరాబాదులో పుట్టిన చౌరస్తా. ముందు నిలబడింది రామ్ మిరియాల. వాళ్ళు పల్లె పలుకుబడికి రెగ్గే తాళం జోడించారు. 1960ల చివర జమైకాలో రూపుదిద్దుకున్న ఆ తాళం, పల్లెలొదిలి కింగ్‌స్టన్ మురికివాడలకు చేరిన జనం నోట పెరిగింది. బాబ్ మార్లే కూడా నైన్ మైల్ అనే పల్లె నుంచి ట్రెంచ్‌టౌన్‌కు వచ్చినవాడే. వలస వెళ్ళిన వాళ్ళ తాళానికి వలస వచ్చిన వాళ్ళ తెలుగు అతకడంలో వింత లేదు. 'మాయ', 'ఊరెళ్ళిపోత మామ' లాంటి పాటలు 2020కి ముందే యూట్యూబులో ఒక్కొక్కటిగా వచ్చి లక్షల మందికి చేరాయి. సినిమా లేదు, హీరో లేడు. తెలుగులో ఒక పాట అలా సొంత కాళ్ళ మీద అంతమంది నోళ్ళలోకి వెళ్ళడం చాలా కాలం తర్వాత జరిగింది.

ఊరికి వెళ్ళిపోతానన్న ఆ మాట పడమటి కర్నూలులో వినిపించినప్పుడు దాని బరువు వేరు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, ఆస్పరి వైపు పల్లెల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి పోతాయి. ఇక్కడి వాన మీద ఆధారపడ్డ ఒక్క పంట చేతికొచ్చాకో, చేతికి రాకుండా పోయాకో, ఇంటికి తాళం వేసి, ముసలివాళ్ళను వదిలి, పిల్లల్ని బడి మాన్పించి, గుంటూరు మిరప చేలకూ తెలంగాణ పత్తి చేలకూ బయల్దేరతారు. తిరిగి వచ్చే గడువు ఉగాది. కైరుప్పల లాంటి ఊళ్ళలో ఉగాది పండుగ అంత జోరుగా ఎందుకుంటుందో తెలియాలంటే ఈ తిరుగు ప్రయాణం తెలియాలి. ఊరు నిండేది అప్పుడు. పట్నంలో ఉద్యోగం చేసే కుర్రాడికి ఊరంటే తిరిగి పొందాల్సిన సుఖం. సుగ్గి కూలీకి ఊరంటే సొంత గుడి, సొంత పండుగ, దాంతోపాటే తీరని అప్పు కూడా. చౌరస్తా పాటలో మొదటిది నిండుగా ఉంది, రెండోది లేదు. అది రాసినవాళ్ళ లోపం అనను. ఆ రెండో పాట ఇక్కడివాళ్ళే కట్టాలి.

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది ఆ రోజే. పండుగకు ఇల్లు చేరాల్సిన సుగ్గి జనం గుంటూరు చేలల్లో చిక్కుకుపోయారు. కొందరు పిల్లల్ని ఎత్తుకొని నడిచి బయల్దేరారు. వారాల తర్వాత బస్సుల్లో మిగతావాళ్ళను తెచ్చారు. అదే మార్చిలో చౌరస్తా కరోనా జాగ్రత్తలు చెప్పే పాట, చేయీ చేయీ కలపొద్దన్న పాట విడుదల చేసింది. వారం తిరక్కుండా అది ఫోనుల్లో పల్లెపల్లెకూ చేరింది. రెండు మూడు నిమిషాల పాట ఏం చేయగలదో ఆ నెల చూపించింది. అత్యవసర కబురు మోయడానికి చిన్న పాటకు మించింది లేదు. అదే నెలలో ఆ నడక మొత్తాన్ని పాడాలంటే మాత్రం రాత్రంతా కావాలి.

తర్వాత జరిగింది మనకు కొత్త కాదు. రామ్ మిరియాల 2021లో 'జాతిరత్నాలు' సినిమాలో 'చిట్టి' పాడాడు, 2022లో 'డీజే టిల్లు' పాట కట్టి పాడాడు, సినిమా అతన్ని తీసుకుంది. ప్రైవేటు పాటలో కొత్త గొంతు పుట్టడం, సినిమా దాన్ని దత్తత చేసుకోవడం ప్లేట్ల కాలం నుంచీ నడుస్తున్నదే. అందులో గాయకుడికి అన్నం ఉంది, కాబట్టి తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. తుంగభద్ర ఉత్తరాన నాగర్‌కర్నూలు జిల్లా దర్శనం మొగులయ్య సంగతి ఇంకా గట్టిగా తగులుతుంది. వెదురు దండెకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టిన పన్నెండు మెట్ల కిన్నెర మీద జానపద వీరుడు పండుగ సాయన్న కథను పొడుగ్గా, సావకాశంగా చెప్పగలిగిన మనిషి ఆయన. 2021లో 'భీమ్లా నాయక్' పాట మొదట్లో ఆయన గొంతు కాసేపు వినిపించింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. లోకానికి ఆయన్ని పరిచయం చేసింది ఆ కాసేపే. సాయన్న కథ మొత్తం వినాలనుకున్న శ్రోతలు ఎంతమంది తేలారన్నది నా మనసును తొలుస్తూనే ఉంటుంది.

ఫోను నిడివిని రెండు వైపులా లాగుతోంది. ఒక వైపు అరనిమిషం రీలు ఉంది. ఇంకో వైపు, మన సీమ కుర్రాళ్ళే చెక్కభజన రాత్రులను గంటలకు గంటలు తీసి యూట్యూబులో పెడుతున్నారు. మధ్యలో ఎవరో మైకు సర్దుతారు, కరెంటు పోయి వస్తుంది, అన్నదానం ప్రకటన వినిపిస్తుంది. 1902 నుంచి తెగుతూ వచ్చిన రాత్రి మళ్ళీ పొడవు సంపాదించుకున్నది ఆ వీడియోల్లోనే. వాటికి లేనిది ఒక్కటే. మంచి ధ్వని పట్టి, ఏ పాట ఉంచాలో ఏది తీసేయాలో తేల్చే గురువుతో కూర్చొని, వరస కట్టి ఇచ్చే ఓపిక.

ఆ ఓపికకు స్టూడియో అక్కర్లేదని చెప్పడానికి ఒక దూరపు ఉదాహరణ ఇస్తాను. జస్టిన్ వెర్నన్ అనే అమెరికన్ యువకుడు, బ్యాండు విడిపోయి, ఒళ్ళు చెడి, 2006 చలికాలంలో విస్కాన్సిన్ రాష్ట్రంలో తండ్రి వేట కోసం కట్టుకున్న చెక్క గదికి చేరాడు. దగ్గరున్నవి ఒక పాత గిటారు, మామూలు మైకు, ఒక కంప్యూటరు. మంచులో మూడు నెలలుండి తొమ్మిది పాటలు రికార్డు చేశాడు. తన గొంతునే పొరలు పొరలుగా పేర్చి బృందగానం చేశాడు. 2007లో బోన్ ఈవేర్ అనే పేరుతో కొన్ని వందల సీడీలు సొంతంగా వేయించి పంచాడు. 2008లో జాగ్‌జాగ్వార్ అనే కంపెనీ దాన్ని మళ్ళీ విడుదల చేసింది. ఈ శతాబ్దపు జానపద ఛాయల సంగీతంలో ఎక్కువగా చెప్పుకునే ఆల్బంలలో 'ఫర్ ఎమ్మా, ఫరెవర్ అగో' ఒకటైంది. ఆ పాటలు విడివిడిగా వింటే మంచి పాటలు, వరసగా వింటే ఒక చలికాలం.

ఆ పరికరాలకు సమానమైనవి ఇవాళ ఆదోనిలో దొరుకుతాయి, ఎమ్మిగనూరులో దొరుకుతాయి. ఉగాదికి సుగ్గి జనం తిరిగొచ్చిన వారంలో కైరుప్పలలో ఒక చెక్కభజన గురువును, ఇద్దరు తప్పెట వాద్యగాళ్ళను, పీర్ల పాటలు తెలిసిన ఒక పెద్దాయనను, గొరవయ్యను ఒక చోట కూర్చోబెట్టి, ప్రార్థన నుంచి మంగళం దాకా పట్టగలిగితే అది ఈ సీమ మొదటి ఆల్బం అవుతుంది. సుగ్గి మీద పాట అందులో ఒకటుండాలి, దాన్ని కట్టేది సుగ్గికి పోయి వచ్చినవాళ్ళే అయి ఉండాలి. డబ్బులో వాటా ఎవరికెంత అన్నది మొదటి రోజే కాగితం మీద రాసుకోవాలి. ఎందుకంటే ప్లేటు, క్యాసెట్టు, ఫోను మూడు కాలాల్లోనూ పాడినవాడికి దక్కనిది ముందుగా అదే.

గొరవయ్య డమరుకం గురించి ఇక్కడ పేరు మాత్రమే చెప్పాను. దసరా రాత్రి దేవరగట్టులో కర్రల సమరం ముగిశాక వినిపించే కారణికం అనే భవిష్యవాణి, దానికి ముందూ వెనకా నడిచే పాటలు, నెరణికి ఊరి కట్టుబాట్లు వచ్చే భాగంలో.